మొదటి ఇటుక తీయమన్నారు

గురువారం ఉదయం ఏడున్నరకు ఫోన్ మోగినప్పుడు అబ్రహాం జొన్నరొట్టె తింటున్నాడు. జనగామలో రైల్వే గేటు అవతల వాళ్లది అద్దె ఇల్లు. ముత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మరో రొట్టె తడుతోంది. కోడలు శ్రీలత ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేస్తుంది. ఎనిమిదింటికల్లా బయల్దేరాలి కాబట్టి టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. కొడుకు జయపాల్ స్నానాల గదిలో ఉన్నాడు. అతను ఇంజనీరు. బస్టాండు దగ్గర ఇంటి ప్లాన్లు గీసే ఆఫీసు నడుపుతున్నాడు.

అబ్రహాంకు ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకే స్పీకర్ పెట్టి మాట్లాడతాడు. ఫోన్ చేసింది చెల్పూర్ దగ్గర వాళ్ల సొంతూరి నుంచి జగన్మోహన్. ఊళ్లో బడి నడిపే కమిటీకి అతనే చైర్మన్.

"ఏందే అబ్రహాం, మంచిగున్నవా?"

"మంచిగున్న దొరా. మీరు?"

"శనివారం నువ్వు ఊరికి రావాలె. బడి కూలగొడుతున్నం. కట్టిన చెయ్యితోని మొదటి ఇటుక తీయించాలె గద, మనూరి పద్ధతి నీకెరుకే. నువ్వు ఒక్క ఇటుక తీసినవంటే మిగిలింది జేసీబీ చూసుకుంటది. శాలువ గూడ కప్పుతం."

అబ్రహాం చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టాడు. "బడి ఎందుకు కూలగొడుతున్నరు?"

"డేంజరున్నదని రిపోర్టు వచ్చింది. అండ్ల పిల్లలు కూసోవద్దన్నరు."

"ఎవరన్నరు?"

అవతల నవ్వు వినిపించింది. "మంచిగడిగినవు. రాసిచ్చిందే మీ ఇంజినీరు సాబ్. నీకు చెప్పలేదా?"

జయపాల్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. చివరి మాట అతనికి వినపడింది. అబ్రహాం ఫోన్ పెట్టేశాడు. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చాక ముత్తమ్మ దాన్ని తీసింది.

"గోడ పలిగిందా?" అని అబ్రహాం అడిగాడు.

"పలిగింది బాపు."

"ఎక్కడ?"

"వెనుక దిక్కు. పాత బిల్డింగే కదా, పలుగుతది. నాకు ఆఫీసుకు టైమైతుంది."

"కాదురా, నన్నొకటి చెప్పనీ. ఆ రూములు నేను కట్టి ముప్పై ఏండ్లు దాటింది. అంటే ఇన్నేండ్లు పిల్లగాండ్లను పడిపోయే స్లాబు కింద కూసోబెట్టిన్నన్నట్టు."

"నిన్నెవలన్న ఏమన్నరా బాపు? గట్లెందుకనుకుంటవు?"

"ఒగలనేదేముంది? నువ్వు రాసినవు గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కొడుకు చదువుకున్నాడు. చదువుకున్నవాడు రాశాడు కాబట్టి అది నిజం. అబ్రహాం లెక్క అంతే. చెయ్యి కడుక్కుని, నర్మెట్టలో తాను ప్లాస్టరింగ్ చేస్తున్న ఇంటి యజమానికి ఫోన్ చేశాడు. రేపటి నుంచి వేరే మేస్త్రీని చూసుకొమ్మని చెప్పాడు. ఎందుకని ఆయన అడిగితే, "నా పని మంచిది కాదట అయ్యా" అన్నాడు.

సాయంత్రం శ్రీలత ఇంటికి వచ్చేసరికి మామ నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగో తరగతి దాకా చదివిన మనిషి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాడు. ముత్తమ్మ పక్కన కూర్చుని గుర్తుచేస్తోంది.

"రేగొండల పోచయ్య ఇల్లు రాసినవా?"

"రాసిన."

"చర్చి ప్రహరి?"

"అది గోడనే. మీద పడితే గోడ గూడ చంపుతది. రాస్త."

శ్రీలత అడిగితే చెప్పాడు. తాను కట్టినవన్నీ రాస్తున్నాడట. అప్పటికి నలభై ఒకటి అయ్యాయి. "అన్నిటిని జయపాల్ ఒక్కసారి చూడాలె బిడ్డా. చూసి బాగలేవంటే నేనే ఇంటింటికి పోయి చెప్త. దాచిపెడితే పాపం."

శ్రీలత వంటగదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. రిపోర్టు అందులోనే ఉంది. జయపాల్ చెబుతుంటే టైపు చేసింది ఆమే. స్థలాన్ని పరిశీలించిన తేదీ ఫిబ్రవరి పదిహేను అని ఉంది. ఆ తేదీని రెండుసార్లు చదివింది. జయపాల్ రాగానే తలుపు దగ్గరికి వేసింది.

"ఫిబ్రవరి పదిహేను నాడు మనం మానుకోటల ఉన్నం."

"అయితే?"

"మా పిన్ని బిడ్డ పెండ్లి. నువ్వు గంట సేపు మటన్ వడ్డించినవు. ఫోటోలున్నయి నాతాన. చెల్పూర్ ఎప్పుడు పోయినవు?"

జయపాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఫోటోలు పంపిన్రు. నాలుగు. పగులు కనవడ్డది. ఇసొంటియి అందరు గట్లనే రాస్తరు శ్రీలతా. ఊరోళ్లు కొత్త బిల్డింగు కావాలన్నరు. పైసలిచ్చేటోళ్లు పాతది పనికిరాదని కాయితం ఉంటేనే ఇస్తమన్నరు. ప్లాను నాకే ఇస్తమన్నరు."

"మామ కట్టిందని నీకు ఎరుకనా?"

"ఎరుకే."

"ఎరుకై రాసినవా?"

"కూలగొట్టేటప్పుడు ఆయన్ను పిలుస్తరని నాకేం ఎరుక?" అన్నాడు. తర్వాత ఆమె అడగకుండానే ఇంకో మాట చెప్పాడు. "జగన్మోహన్ అడిగిండు, ఆ బడి మీ నాయిన కట్టిందే గద అని. అవునంట అన్న."

"అవునంట?"

జయపాల్ లాప్‌టాప్ మూత దించాడు.

"మీ నాయిన ఏం కట్టిండో నీకు ఊరోళ్లు చెప్తె తెలిసిందా?" శ్రీలత గొంతు పెంచలేదు. పక్కగదిలో మామ ఉన్నాడు. "ఆఫీసుల మీ నాయిన కాంట్రాక్టరని చెప్తవు. అది నాకు తెలుసు, ఎన్నడు అనలే. పాపం ఆయన అవుతల కూసోని తను కట్టిన ఇండ్లన్ని రాస్తున్నడు, కూలిపోతయేమోనని. పోయి చెప్పు."

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త అన్న గద."

"టైపు చేసింది నేనే. తేదీ కొట్టింది నా చేతులే. నువ్వు చెప్పకుంటే నాకు గూడ ఆయన ముందు నిలబడ మొహం లేదు."

గురువారం జయపాల్ చెప్పలేదు. శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, అందరూ అన్నం తిన్నాక వచ్చాడు.

శనివారం నలుగురూ బయల్దేరారు. హనుమకొండలో బస్సు మారారు. అబ్రహాం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒళ్లో సంచీ ఉంది. అందులో సుత్తె, ఉలి, తాపీ ఉన్నాయి. జయపాల్ పక్కన కూర్చున్నాడు. ముత్తమ్మ, శ్రీలత వెనక సీట్లో ఉన్నారు.

"నాతాన పని నేర్చుకున్నోళ్లు నలుగురున్నరు" అన్నాడు అబ్రహాం. "వాళ్లు గూడ నాలెక్కనే కట్టి ఉంటరు. నేర్పిందే తప్పైతే వాళ్లేం చేస్తరు పాపం?"

జయపాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. పరకాలలో చెబుదామనుకున్నాడు. రేగొండలో చెబుదామనుకున్నాడు. చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించగానే తండ్రి లేచి నిలబడ్డాడు.

బడి ముందు టెంటు వేసి ఉంది. ఇరవై కుర్చీలు, ఒక టేబులు, దాని మీద పళ్లెంలో శాలువ. జేసీబీ ప్రహరి పక్కన ఆగి ఉంది. గదుల్లోని బెంచీలన్నీ బయట ఎండలో ఉన్నాయి. ఊరి జనం అరవై మంది దాకా వచ్చారు. హెడ్‌మాస్టర్ సరోజన ఎదురొచ్చింది. ఆమె ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది.

"వచ్చినవా అబ్రహామన్నా. చూడు, ఇగ పిల్లలను అండ్ల కూసోబెట్టాలంట." ఆమె చూపించిన వైపు రేకుల షెడ్డు ఉంది. "కొత్తది లేవనీకి రెండేండ్లంటున్నరు. నూట పన్నెండు మంది. ఈ ఎండకు రేకుల కింద చదువేం వస్తది? ఈ మట్టి, పెళ్లలన్ని కుంటల పోస్తరట. పసులకు ఉన్న నీళ్లు అవ్వే."

"మేడం, మంచి పని కాడ గిసొంటియి వద్దు" అన్నాడు జగన్మోహన్. జయపాల్‌కు చెయ్యి కలిపాడు. "రండి ఇంజినీరు సాబ్, కూసోండి. అబ్రహాం, నువ్వు గిటు రా. ఆ మూల మీద ఇటుక."

"ఒక్కసారి చూస్త దొరా" అన్నాడు అబ్రహాం. "యాడ తప్పు చేసిన్నో చూసి తీస్త."

సంచీ తీసుకుని ఒక్కడే లోపలికి వెళ్లాడు. సుత్తె వెనక వైపుతో గోడను కొడుతూ, చెవి ఆనించి వింటూ, గది తర్వాత గది తిరిగాడు. కుడి చెవే ఆనించాడు. నిచ్చెన అడిగి పైకప్పు మీదికి ఎక్కాడు. అరగంట అయింది. జనం కుర్చీల్లో కదులుతున్నారు.

"ఏందే, పెండ్లిచూపులా?" అని జగన్మోహన్ కేకేశాడు. కొందరు నవ్వారు.

అబ్రహాం కిందికి దిగి భవనం వెనక్కి వెళ్లాడు. జయపాల్, శ్రీలత దూరం నుంచి వెంట నడిచారు. రెండో గదికీ మూడో గదికీ మధ్య, నేల నుంచి పైకప్పు దాకా గోడ మీద ఒక గీత ఉంది. ఫోటోలో ఉన్నది అదే. అబ్రహాం దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తాపీ మొనతో ప్లాస్టరు గీకాడు. లోపలి నుంచి నల్లటి గోనెతాడు కొస బయటపడింది. జానెడు లాగి వాసన చూశాడు. తారు వాసన.

అప్పుడు తలతిప్పి కొడుకును చూశాడు.

జయపాల్‌కు అర్థమైంది. గోడ పగిలితే పగులు ఇటుకల వెంట మెట్లుమెట్లుగా పోతుంది. ఇది దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పగులు కాదు, కావాలని వదిలిన సందు. ఇంజనీరింగు రెండో సంవత్సరంలోనే చెబుతారు. ఫోటో చూసిన రోజు కూడా, ఇంత తిన్నగా ఉందేమిటని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకుని తర్వాతి ఫోటోకు వెళ్లాడు. ఇక్కడికి వచ్చి వేలు పెట్టి చూసినవాడెవడూ దాన్ని పగులని రాయడు. ఆ సంగతి తండ్రికి ఇప్పుడు తెలిసింది.

అబ్రహాం తాడును తిరిగి లోపలికి తోసి, గీకిన చోట మట్టి అద్దాడు. టెంటు దగ్గరికి నడిచి సంచీలోంచి ఉలి తీశాడు.

"ఏమన్నా, నిజంగనే పాడైందా?" అని సరోజన అడిగింది.

"ఇంజినీరు రాసిండు గద మేడం. రాసినట్టే ఉన్నది."

"నువ్వేమంటవు? నీ నోటితోని చెప్పు."

"నేనేమంట? తప్పు నాదే."

మూల మీది ఇటుక పక్కన ఉలి మొన పెట్టాడు. ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీలత భర్తను చూడలేదు. నేలను చూస్తూ నిలబడింది. అబ్రహాం సుత్తె ఎత్తాడు.

"బాపు, ఆగు."

సుత్తె ఆగింది.

"తప్పు ఆయనది కాదు" అన్నాడు జయపాల్. జనం వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. "తప్పు నాది. నేను ఈడికి రాలే. వచ్చి చూసినట్టు రాసిన. ఫోటోలు చూసి ఇంట్ల కూసోని రాసిన. అది పగులు కాదు. ఈ బడి పడిపోదు."

జగన్మోహన్ కుర్చీలోంచి లేచాడు. "ఏం మాట్లాడుతున్నవు సాబ్? కాయితం మీద సంతకం నీదే గద."

"నాదే. రాసింది అబద్ధం."

జనంలోంచి ఎవరో, "ఇంట్ల కూసోనే గోడలు చూసిండట, పెద్ద సదువు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. చిలుకమ్మ అనే ఆమె ముందుకు వచ్చింది. పత్తి ఏరడానికి, నాట్లకు పోయే మనిషి. మనుమరాలు ఆ బడిలో ఐదో తరగతి చదువుతోంది.

"రెండు నెలల సంది మా పోరి బడికి పోనని ఏడుస్తుంది. గోడ మీద పడ్తదంట. నేను కొట్టి తోలిచ్చిన. తోలిచ్చి, పొలంల పనిచేసుకుంట ఏడ్చిన, నిజంగ పడ్తే ఎట్లరా దేవుడా అని. నీ కాయితం చేసిన పని గిది. నీకు పిల్లలున్నరా అయ్యా?"

జయపాల్ తల దించుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

సరోజన అబ్రహాం వైపు తిరిగింది. "అన్నా, ఇప్పుడన్న చెప్పు. ఏమున్నది ఈ బడికి?"

అబ్రహాం సుత్తె కింద పెట్టాడు. మొదట్లో రెండు గదులే కట్టామని, మిగతా రెండు ఆరేళ్లకు కట్టామని చెప్పాడు. "ఈడిది నల్లనేల. వానకు ఉబ్బుతది, ఎండకు కుంగుతది. పాత పునాది అప్పటికే కూసున్నది. కొత్తది ఇంక కూసుంటది. రెండు గోడలను కలిపి కడితే ఒకటి ఒకదాన్ని గుంజి పలుగుతయి. అందుకే నడుమ సందు వదిలి తాడు నింపిన. తర్వాత సున్నమేసినోళ్లెవరో మీద సిమెంటు పూసిన్రు. పూసింది పలిగింది. గోడ పలగలే."

కొంచెం ఆగి, "వరండా మూల మాత్రం నా తప్పున్నది" అన్నాడు. "ఇనుప చువ్వ మీద సిమెంటు తక్కువ పెట్టిన. తుప్పు పట్టి పెళ్ల రాలుతుంది. అది కొట్టి మళ్ల పొయ్యాలె. మీద నీళ్లు పోయే తూములు ఆకులతోని నిండినయి, అందుకే కారుతుంది. తూములు తీసి, పైన సున్నం తెల్లగ రెండు సార్లు కొడితే గదుల వేడి తగ్గుతది. పడమటి గోడకు పైన కిటికీలు తెరవాలె, గాలి తిరుగుతది. వాననీళ్లకు పైపేసి గుంతలకు ఇడిస్తే బోరు ఎండిపోదు. ఎండాకాలం సెలవులు చాలు."

"రిపేరుకు ఎవడిస్తడే?" అన్నాడు జగన్మోహన్. "కొత్త బిల్డింగైతే పేరు రాయొచ్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు. సున్నం కొడితే ఏం కత్తిరిస్తం?"

"నూట పన్నెండు మంది నీడల కూసుంటరు. అది చాలదా చైర్మన్ సాబ్?" అన్నది సరోజన. అతని జవాబు కోసం ఆగకుండా తిరిగి, "బెంచీలు లోపల పెట్టుండ్రి" అని చెప్పింది. మొదటి బెంచీకి ఒక వైపు చిలుకమ్మ పట్టుకుంది.

సోమవారం కమిటీ కూర్చుంటుందని జగన్మోహన్ చెప్పాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు. జయపాల్‌తో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. శాలువ పళ్లెంలోనే ఉండిపోయింది. జేసీబీ డ్రైవరు ఇంకో గంట చూసి బండి తీశాడు.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాయడానికి జయపాల్ సరోజనను కాగితాలు అడిగాడు. మూడో గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి వాక్యం 'ఫిబ్రవరి పదిహేనున నేను ఈ బడికి రాలేదు' అని రాశాడు. తర్వాతి వాక్యం రాలేదు. ఈ ఉత్తరం సంగతి జనగామలో తెలిస్తే ఇక మీదట తన సంతకానికి విలువేముంటుందో అతనికి తెలుసు.

అబ్రహాం లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"తాడు చూసినప్పుడే నీకు తెలిసింది గద బాపు" అన్నాడు జయపాల్. "మరి ఉలి ఎందుకు పెట్టినవు?"

"బడి పోతే మళ్ల కట్టుకుంటరనుకున్న. నువ్వు పది మందిల తల దించుకుంటే చూడలేననుకున్న." అబ్రహాం కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "అది గూడ తప్పే. నా కొడుకు కోసం వాళ్ల పిల్లలను రేకుల కిందికి తోలబోయిన. ఆ చిలుకమ్మ మొకం చూడలేకపోయిన."

జయపాల్ పెన్ను కింద పెట్టాడు.

"నాకొకటి సమజైతలేదురా. ఒక్కటే ఇంట్ల ఉంటున్నం. ఫోటో నీ ఫోన్ల ఉన్నది. నేను పక్కనే కూసోని రొట్టె తింటున్న. బాపు, గిదేందని ఒక్క మాట ఎందుకు అడగలే?"

"మేస్త్రీని ఏమడుగుతం..." అని మొదలుపెట్టి జయపాల్ ఆగిపోయాడు. నోటి నుంచి వచ్చింది నిజమే. అందుకే మిగతాది చెప్పలేకపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. వరండాలో బెంచీలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

అబ్రహాం నల్లబోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు. కొడుకు ఏడుపు ఆగేదాకా అటే చూశాడు. తర్వాత వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇప్పుడడుగు" అన్నాడు.

జయపాల్ మొహం తుడుచుకున్నాడు. ఇంకో కాగితం తీసుకున్నాడు. "పునాది కాడి నుంచి చెప్పు బాపు. రాసుకుంట."

అబ్రహాం చెప్పడం మొదలుపెట్టాడు. కాగితం బెంచీ మీద సరిగా పరుచుకోవడానికి కొడుక్కు చోటు చాలదని కొంచెం పక్కకు జరిగాడు.